బావ అడిగిన జోరు

బావ అన్న 'జోరు' అనే మాటను నేను తప్పుగా అర్థం చేసుకున్నాను. ఆ రోజు జరిగినదంతా దానివల్లనే. అప్పట్లో, అంటే తెలంగాణ రావడానికి చాలా ముందు, నేను గోదావరిఖనిలో ఒక బండ్ల మెకానిక్ షెడ్డులో పని నేర్చుకుంటున్నాను. శబ్దం వింటే చాలు, ఇంజిన్ రోగమేమిటో చెప్పగలనని నాకు గట్టి నమ్మకం. (మనుషుల మాట వినడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు.) మా అక్క భర్తకు గోదావరి మీద ఒక పడవ ఉండేది. పాత మోటార్ సైకిల్ టూ స్ట్రోక్ ఇంజిన్‌ను వెనకాల బిగించి, పొడుగాటి కడ్డీ చివర పంకా తగిలించి నడిపేవాడు. పగలంతా చేపలు పట్టేవాడు. పొద్దున్నే మాత్రం అవతలి ఊళ్లోని ఫస్ట్ షిఫ్టు బొగ్గుగని కార్మికులను ఇవతలి ఒడ్డున దింపేవాడు. ఒకనాడు షెడ్డుకు వచ్చి, "ఇంజిన్ల జోరు తగ్గింది రా బామ్మర్దీ, జర చూడు" అన్నాడు. మనుషులెక్కితే పడవను లాగలేకపోతోందని ఆయన బాధ. జోరంటే వేగమని నేననుకున్నాను. మళ్లీ అడగలేదు.

ఆ పనిలో నేను చూపిన శ్రద్ధ తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. సిలిండర్‌లో పొగ బయటికి పోయే కంతను ఆకురాయితో పైకి అరగదీశాను. హెడ్డును రుద్ది రుద్ది పలచన చేశాను. సైలెన్సర్ లోపలి జాలీ పీకి పారేశాను. సాయంత్రం ఖాళీ పడవలో ఒక్కణ్ణే కూర్చుని నడిపితే, అది ముక్కు పైకెత్తి నీళ్లమీద ఎగిరినంత పని చేసింది. ఒడ్డున బట్టలుతుకుతున్న ఆడవాళ్లు ఏదో అరిచారు. (పొగుడుతున్నారనుకుని చెయ్యి ఊపాను.) బావ వలలు సర్దుకోవడంలో ఉండి చూడలేదు. పొద్దున షిఫ్టు వాళ్లను నేనే దాటిస్తానని అడిగి మరీ పడవ తీసుకున్నాను.

తెల్లవారగానే అవతలి ఒడ్డున క్యారేజీలు పట్టుకుని అందరూ ఎక్కారు. ఇంజిన్ మొదలైంది కానీ, ముక్కి మూలిగి పడవను నది మధ్యదాకా తెచ్చి చతికిలబడింది. నేను అరగదీసిన తీరుకు ఆ ఇంజిన్ బాగా వేగం అందుకున్నాకే బలం చూపిస్తుంది. ఇంతమందిని మోస్తూ ఆ వేగం అందుకోవడం దానివల్ల కాదు. నది ప్రవాహం పడవను కిందికి లాక్కుంది.

"ఏంది రా, మంథని దాక తీస్కపోతున్నవా?" అన్నాడు ముందు కూర్చున్న అన్న.

"నిన్న ఎగిరింది అన్నా."

"నిన్న ఎవలెవలున్నరు?"

"నేనొక్కణ్ణే."

"అయితే మేమందరం దిగాల్నా, నడి గోదాట్ల?"

తెడ్లు ఒడ్డునే వదిలేసి వచ్చాను కాబట్టి, క్యారేజీ మూతలతో, హెల్మెట్లతో నీళ్లు తోసి, చాలా దూరం కిందికి పోయాక ఒక ఇసుక దిబ్బకు చేరాం. అప్పటికి షిఫ్టు మొదలైపోయింది. మిగతావాళ్లకు అది ఒక రోజు పని నాగా మాత్రమే. పడవలో ఉన్నవాళ్లలో, మేమందరం బదిలీ కాక అని పిలిచే ఆయనకు అట్లా కాదు. ఆయన ఇంకా బదిలీ కార్మికుడే, అంటే రానివాళ్ల బదులు గనిలో దిగేవాడే. ఏడాదిలో సరిపడా హాజరీలు, అంటే మస్టర్లు, నిండితేనే పర్మనెంట్ చేస్తారు. ఏడాది చివరికొచ్చింది. లెక్కలో ఆయనకు మిగిలింది ఒకే ఒక్క సెలవు.

కాక నన్ను తిట్టలేదు. ఇసుకలో కూర్చుని క్యారేజీ విప్పి సగం అన్నం నాకు పెట్టాడు. "మనుమరాలిని తొట్టెల ఏసేనాడు ఇంటికాడ ఉందామని ఒక్కరోజు మిగుల్చుకున్న. గిట్ల అయిపాయె. తిను, తిను, నువ్వేం కావాలని చేసినవా" అన్నాడు.

"జోరంటే నేను గుంజాలె అన్న, నువ్వు ఉరికిచ్చినవ్" అని బావ ఒక్క మాటే అన్నాడు. అరగదీసిన ఇనుమును మళ్లీ అతికించలేం. పాతసామాన్ల దుకాణాల్లో ఇంకో సిలిండర్ దొరికేదాకా షిఫ్టు వాళ్లను తెడ్లతో నేనే దాటించాను. తొట్టెల, అంటే పిల్లను ఉయ్యాలలో వేసే వేడుక, మధ్యాహ్నం లోపే చేయాలని కాక వియ్యంకుడు నిర్ణయించాడని తెలిసి, ఆయన ఊరికి వెళ్లాను.

"తాత డ్యూటీల ఉన్నడని తొట్టెల ఆపుతమా?" అన్నాడాయన.

"సాయంత్రం దాక ఆపుండ్రి పెదనాయినా. మూడు గంటలకు షిఫ్టు దిగుతడు, నేను తీస్కొస్త."

"నువ్వెవలు రా నడుమ?"

"పడవ పాడు చేసినోణ్ణి."

ఆయనకు నవ్వాగలేదు. ఇంట్లోవాళ్లను పిలిచి మళ్లీ చెప్పించాడు. మొత్తానికి సాయంత్రానికి ఒప్పుకున్నారు.

తొట్టెల రోజు కాక షిఫ్టు దిగి, స్నానం కూడా చేయకుండా ఒడ్డుకు వచ్చాడు. బలంకొద్దీ తెడ్లు వేశాను. కాక ఇంటికి చేరేసరికి అందరూ ఆయన కోసమే చూస్తున్నారు. కాక కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి, పిల్లను తొట్టెలలో వేశాడు. కళ్ల చుట్టూ బొగ్గు అట్లాగే ఉంది. తర్వాత తాడు నా చేతికిచ్చి, "ఊపు, నువ్వు గూడ మామవే" అన్నాడు. అరచేతులనిండా బొబ్బలు, తాడు పట్టుకోలేకపోయాను. మోచేతి మడతలో ఇరికించుకుని ఊపాను. ఇంటినిండా నవ్వులు. ఆ పిల్ల ఇప్పుడు కాలేజీకి వెళుతోంది. బజారులో ఎదురుపడితే, స్నేహితురాళ్లందరి ముందూ నన్ను 'మోచేతి మామా' అని పిలుస్తుంది. నేను బండి ఆపి, పలుకుతాను.