గానుగ మామ అడిగిన చెక్క

మా గానుగ మామ పోయాడు. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున్నే గిద్దలూరు నుంచి అత్త ఫోన్ చేసింది. "మీ మామ ఇంక లేడమ్మా. కాఫీ తాగి, ఆ కుర్చీలోనే వాలిపోయినాడు" అంది. ఎనభై దాటిన మనిషి, మంచాన పడకుండా, ఎవరి చేతా చేయించుకోకుండా పోయాడు, అదృష్టవంతుడు అని అందరూ అంటున్నారు. నిజమే కావచ్చు. కానీ ఆయన ఇరవై ఏళ్లుగా నన్ను ఒకే ఒక్క మాట అడుగుతూ వచ్చాడు. జవాబు నా దగ్గర ఉంది. ఉండి కూడా చెప్పలేదు. ఇది రాస్తున్నది అందుకే.

మామ అంటే రక్తసంబంధం ఏమీ లేదు. మా నాయన రైల్వేలో పనిచేసేవాడు. మా అద్దె ఇల్లు, ఆయన నూనె గానుగ ఒకే గోడకు అటొకటి ఇటొకటి. వాళ్లు కోమట్లు, మేం వేరే. అయితేనేం, గోడ ఆనుకొని ఉన్నవాళ్లు మాకు అత్తామామలే.

మా తాలూకాను కర్నూలు నుంచి తీసి కొత్త జిల్లాలో కలిపిన కొత్తలో, రాళ్లను పరీక్షించే ఆఫీసర్లు ముగ్గురు వచ్చి గానుగ వెనక గదుల్లో అద్దెకు దిగారు. నంద్యాల పోయే రైలుదారి పక్కన, నల్లమల అడవిలో, భూమి లోతుల్లోంచి తన్నుకొచ్చిన ఒక నల్లరాతి చార ఉంది. వాళ్లు దానికోసం వచ్చారు. అలాంటి రాళ్లలో వజ్రాలు కూడా ఉండొచ్చని ఎవరో అన్నారు. ఇంకేముంది! బజారు బజారంతా వాళ్లను పట్టుకుని "సార్, వజ్రం దొరికిందా?" అని ఒకటే పోరు. మామ ఒక్కడే వేరే ప్రశ్న వేశాడట. "సార్, ఆ రాయి యాడ నుంచి వచ్చిందో, ఆడ ఏముంటాది?"

ఆ ముగ్గురిలో ఒకాయన శెనక్కాయల మూట మీద కూర్చొని ఒక పూటంతా చెప్పాడట. మామ విన్నదంతా గానుగలో వేసి తనకు కావలసినట్టు తీసుకున్నాడు. నేను మూడో తరగతిలో ఉండగా, నూనె తీసిన శెనక్కాయ పిప్పి గడ్డ ఒకటి నా చేతిలో పెట్టాడు.

"ఇది ఏందమ్మాయ్?"

"చెక్క."

"నూనె పోయినాక మిగిలిందే గదా. మన కాళ్ల కింద, శానా లోతులో గూడా ఇట్లాంటిదే ఉంది. రెండు మూడొందల కోట్ల ఏండ్ల కిందట ఆడ ఉన్న రాయి కొంత కరిగింది. కరిగిన రసం నూనె మాదిరి పైకి పోయింది. మిగిలిన పిప్పి అట్లనే నిలిచిపోయింది. ఈ చెక్కను మళ్లా గానుగలో వేస్తే నూనె వస్తాదా?"

"రాదు."

"అదీ! సారం పోయిన రాయి గూడా అంత సులువుగా మళ్లా కరగదు. తేలికైంది, గట్టిపడింది. అందుకే ఇన్నేండ్లు మన నేలను మోస్తా ఉంది."

రెండో పాఠం నేను హైస్కూల్లో ఉన్నప్పుడు, బర్రెల కుడితి తొట్టి దగ్గర జరిగింది. నానిన చెక్కను చేత్తో పిసుకుతూ, "చూసినావా, ఎండిన చెక్కలోకి నీళ్లు ఎట్ల దిగినాయో" అన్నాడు. "కింద గూడా ఇంతే. ఇంకా లోతు నుంచి వేడి ద్రవాలు ఎక్కి, ఆ పిప్పిలో దిగినాయి. దాంట్లో లేని అభ్రకం పుట్టించినాయి. యాడ బాగా నానిందో ఆడ మళ్లా కరిగింది. ఆ కరిగిందే నేలను చీల్చుకొని మన అడవిలోకి వచ్చింది."

తర్వాత కాలేజీలో ఇవే సంగతులు నోరు తిరగని పేర్లతో చెప్పారు. ఆ పాఠాలు వింటున్నంతసేపూ నా ముక్కుకు శెనక్కాయ చెక్క వాసనే కొట్టేది. నేను భూగర్భశాస్త్రం చదివానంటే, చదివి ఒంగోలులో లెక్చరర్‌నయ్యానంటే, అది ఆ కుడితి తొట్టి చలవే.

ఆఫీసర్లు పోతూ పోతూ ఆయనకు కొబ్బరికాయంత నల్లరాయి ఒకటి ఇచ్చారు. ఎండలో పెడితే అభ్రకం తళుక్కుమనేది. మామ దాన్ని వారం వారం కడిగి ఆరబెట్టేవాడు. "దేవుడి పటాలకు బూజు పట్టింది, ఆ రాయికి మాత్రం తలంట్లు!" అని అత్త దెప్పేది. "దేవుడు ఈడ్నే ఉంటాడు లేవే. ఇది శానా దూరం నుంచి వచ్చింది" అనేవాడు.

ఇరవై ఏళ్ల కిందట మా కాలేజీకి మంచి మైక్రోస్కోపు వచ్చిందని చెప్తే, ఆ రాయిని తనే రెండుగా పగలగొట్టించి సగం నా సంచిలో వేశాడు. "ఆ రసం పైకి వచ్చేటప్పుడు దారిలో చెక్క ముక్కలు పెరుక్కొని వస్తాదంట. దీంట్లో ఒక్క ముక్కన్నా ఉందేమో చూడమ్మాయ్" అన్నాడు.

చూశాను. రాయిని కోసి, గాజు మీద అతికించి, కాగితం కంటే పల్చగా అరగదీసి చూశాను. ఉంది! బియ్యపు గింజంత మచ్చ. అంచులన్నీ మామ చెప్పిన ఆ పిప్పిరాయిలోని ఖనిజం అంచులే. కానీ లోపల ఆ ఖనిజం ఒక్క రవ్వ కూడా లేదు. నీరూ బొగ్గుపులుసు వాయువూ చేరి దాన్ని తినేసి, సున్నపు ఖనిజంగా, బలపపు రాయిగా మార్చేశాయి. చిన్నప్పుడు మార్కాపురం పలకల మీద రాసుకునేవాళ్లమే, ఆ బలపం జాతి రాయి. మా చదువులో ఇలాంటిదాన్ని పాడైన నమూనా అంటాం, పక్కన పెట్టేస్తాం. నేనూ పెట్టేశాను. అంత ఆశపడ్డ మనిషికి "చెక్క లేదు మామా, సున్నం ఉంది" అని ఏ నోటితో చెప్పను? ఇంకో పొరలో మంచిది దొరక్కపోతుందా అనుకున్నాను. ఎన్ని కోసినా అదే.

ఫోన్ చేసినప్పుడల్లా అడిగేవాడు. "చెక్క దొరికిందా అమ్మాయ్?"

"చూస్తున్నా మామా."

"చూడు, చూడు. తొందరేం లేదు. కోట్ల ఏండ్లు ఆగింది, మనకోసం ఇంకొన్నాళ్లు ఆగదా ఏంది."

పోవడానికి పది రోజుల ముందు కూడా అడిగాడు. గొంతు బాగా సన్నబడిపోయింది. నేను అదే అబద్ధం చెప్పాను.

పెద్దకర్మకు వెళ్లాను. గానుగ షెడ్డులో ఇప్పుడు ఎవరిదో మోటారు సైకిళ్ల షోరూము ఉంది. భోజనాలయ్యి జనం పలచబడ్డాక, అత్త పక్కన కూర్చొని ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"అంటే, ముక్క ఉండిందన్నమాట" అంది అత్త.

"ఉండింది గానీ మొత్తం మారిపోయింది అత్తా. అసలుది ఏమీ మిగల్లేదు."

"రూపు ఉందా?"

"రూపు ఉంది."

"మరి ఆయనకు ఇంకేం గావాలమ్మా? బతుకంతా పోయింది పోంగా మిగిలిందే చూసినోడు. ఆ మాట చెప్పింటే, ఊరంతా తిరిగి చెప్పుకొనేటోడు గదా!"

కోపంగా అనలేదు. అనుంటే నాకు తేలికయ్యేది. ఒక్క ఫోను, "దొరికింది మామా" అని ఒక్క మాట. ఎంత సంబరపడేవాడో, ఎన్ని ప్రశ్నలు వేసేవాడో! ఆయన దగ్గర పాఠం నేర్చుకుని, ఆయనకే అర్థం కాదనుకున్నాను. పక్కన జనం ఉన్నారని కూడా చూడకుండా ఏడ్చాను.

కాసేపటికి అత్త, "ఏదీ, తెచ్చినావా?" అంది. సంచిలోంచి ఆ గాజు ముక్క తీసి ఇచ్చాను. గడప దాకా నడిచి, దాన్ని మధ్యాహ్నపు ఎండకు ఎత్తి, ఒక కన్ను మూసి చూసింది. నేను మచ్చ పక్కన వేలు పెట్టి చూపించాను.

"ఇదా? ఇంతేనా?"

"అంతే అత్తా."

ఆమె గాజు దించలేదు. ఎండ ఆ రాతిపొరలోంచి దిగి ఆమె చెంప మీద గోధుమరంగు మరకలా అటూ ఇటూ కదులుతోంది. "నా చెయ్యి కదలకుండా పట్టుకో తల్లీ, కనపడీ కనపడకుండా ఉంది" అంది. నేను ఆమె మణికట్టు పట్టుకుని నిలబడ్డాను. ఆమె ఇంకా చూస్తూనే ఉంది.