ఉక్కుడేగ బాపు

అచ్చంపేట పక్క పల్లెలో మేకలు కాసే ఐలేశానికి కోపం ముక్కు మీదే ఉండేది. అయితే ఎవరైనా "ఉక్కుడేగ బాపూ" అని పిలిచారా, మనిషి వెన్నలా కరిగిపోయేవాడు. ఉక్కుడేగ అంటే టీవీలో పిల్లల బొమ్మల కథలో ఆకాశాన ఎగిరి ఊళ్లను కాపాడే వీరుడు. ఆ వీరుడికి పన్నెండేళ్లు గొంతిచ్చింది ఐలేశం కొడుకు నాగేందర్. ఉక్కుడేగ మాట్లాడేది పుస్తకాల తెలుగు. ఐలేశానికి అందులో సగం అర్థమయ్యేది కాదు. అయితేనేం, మావోడు మాట్లాడితే పురాణం చదివినట్టుంటదని సంతలో కనబడ్డవాడికల్లా చెప్పుకునేవాడు.

నాగేందర్ పట్నం నుంచి పండక్కి వస్తే ఇంట్లో కూర్చునేవాడు కాదు. ఫోను పట్టుకొని మేకల వెంట గుట్టెక్కేవాడు.

"మాట్లాడు బాపు. మేకల్ని తిట్టు, తోడేలొచ్చిన ముచ్చట చెప్పు. నీ గొంతు నా దగ్గర ఉండాలె."

పట్నంలో దిగులైనప్పుడు వినడానికే కాబోలని ఐలేశం పొంగిపోయాడు. కన్నతండ్రి గొంతు కోసం తపించే కొడుకులు ఈ కాలంలో ఎంతమంది? భార్య భద్రమ్మ పోయిన రోజున కూడా ఆ ఫోను కొడుకు చేతిలోనే ఉంది. ఆ ఏడుపుల్లో దాన్నెవరు పట్టించుకుంటారు?

నలభై నిండకుండానే నాగేందర్ గుండె ఆగి పోయాడు. ఏడాది తిరిగాక, అతను చదివిన బళ్లోనే సంస్మరణ సభ పెట్టారు. ఆ బడి పంతులు సురేశ్ సారు పల్లెకు వచ్చి, ఐలేశాన్ని బండి మీద ఎక్కించుకొని పోయి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. తెర మీద ఉక్కుడేగ గర్జించాడు. చప్పట్లు మోగాయి. ఐలేశం కండువాతో కళ్లొత్తుకున్నాడు.

అంతలో పిల్లలంతా "బొంగురన్న, బొంగురన్న" అని గోల మొదలుపెట్టారు. బొంగురన్న ఆ కథలోని దొంగ అనీ, ప్రతిసారీ ఉక్కుడేగ చేతిలో తన్నులు తినే మొద్దు అనీ, ఆ గొంతు కూడా నాగేందర్‌దే అనీ సురేశ్ సారు చెవిలో చెప్పాడు. అసలు పిల్లలకు వీరుడికంటే వాడంటేనే ప్రాణమట.

తెర మీద బొంగురన్న గాడిద పారిపోతోంది. దొంగ ఖంగుమని దగ్గి, "నీ కాళ్లిరగ, యాడికి వోతున్నవే" అని అరిచాడు. బడంతా ఒకటే నవ్వు.

ఐలేశం కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. ఆ దగ్గు తనది. ఆ తిట్టు తనది. సందులో తాను కనబడగానే పిల్లలు కిసుక్కుమంటుంటే ఉక్కుడేగ తండ్రినని మురిసిపోతున్నారనుకున్నాడు ఇన్నాళ్లూ. వెర్రిబాగులవాడు! అయినా కన్న ప్రేమ కదా, పోనీలే, నవ్వుకోనీ అనుకోబోయాడు.

ఆ తర్వాతి ముక్కలో దొంగ సొమ్ము మూట ఏట్లో పడి కొట్టుకుపోయింది. దొంగ గట్టున కూలబడి గుండెలు బాదుకున్నాడు. "నన్నొక్కన్ని జేసి పోతివా, ఇగ నేనెట్ల బతకాలె" అన్నాడు.

అవి భద్రమ్మ కాళ్లు పట్టుకొని ఐలేశం ఏడ్చిన మాటలు. ఎక్కడ ఊపిరి ఆడలేదో సరిగ్గా అక్కడే ఆగి, ఎక్కడ గొంతు జీరపోయిందో అక్కడే జీరపోయి. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లు లోకంలో ఉంటారని ఐలేశానికి తెలుసు. వాళ్లలో తన కొడుకూ ఉంటాడని తెలియదు. తల్లి శవం ముందు తండ్రి ఏడ్చిన ఏడుపును దొంగ నోట్లో పెట్టాడు! వాణ్ని పట్టుకొని చెడామడా వాయించాలనిపించింది. వాడెక్కడున్నాడు? పూలదండ వేసిన ఫోటోలో నవ్వుతున్నాడు.

ఇంతలో సురేశ్ సారు మైకు తెచ్చి చేతిలో పెట్టాడు. "కాకా, కొడుకు గురించి రెండు ముక్కలు చెప్పు" అన్నాడు.

ఐలేశం లేచి గొంతు సవరించుకున్నాడు. ఆ మాత్రానికే ముందు వరుస పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఆయన వాళ్ల వైపు చూడలేదు. ఫోటో వైపు తిరిగాడు.

"మంచి మాటలన్ని గా పుస్తకాల తెలుగోనికి వెడితివి. నన్నూ మీ అవ్వనూ దొంగ మూటల గట్టి అమ్ముకుంటివి. ఒక్కపారన్న నా గొంతు ఉక్కుడేగకు వెట్టకపోతివి కదరా, కొడుకా."

నవ్వుతో బడి దద్దరిల్లింది. సురేశ్ సారు ఎంత గదమాయించినా ఆగలేదు. వెనక నుంచి ఓ పిల్ల బెంచీ ఎక్కి నిలబడి, "ఇంకోపారి చెప్పు తాతా" అని బతిమాలింది.