ఊఁ అన్నందుకు

ఆఫీసులో ఆమెను అందరూ ఓపికక్క అంటారు. వాషింగ్ మెషిన్లు, ఫ్రిజ్‌లు అమ్మే ఒక కంపెనీలో, ఫిర్యాదుల విభాగంలో పదకొండేళ్ళుగా పని. పొద్దున తొమ్మిదింటికి చెవికి ఫోను తగిలించుకుంటే సాయంత్రం ఐదున్నర దాకా జనం ఏకరువు పెట్టే బాధలు వినడమే ఉద్యోగం. మెషిన్లోంచి నీళ్ళు పోవడం లేదని ఒకరు, అది గిర్రున తిరుగుతూ వంటింట్లోంచి హాల్లోకి నడిచొచ్చేసిందని ఇంకొకరు. ఓపికక్క ఎవరినీ మధ్యలో ఆపదు. నిజంగానే వింటుంది. తిట్టిపోద్దామని ఫోన్ చేసినవాళ్ళు కూడా చివరికి "చల్లగా ఉండమ్మా" అని దీవించి పెట్టేస్తారు.

మరి ఇంటికొచ్చాక? ఆ చెవులను ఆఫీసు సొరుగులో పెట్టి తాళం వేసి వస్తుంది కాబోలు. ఇంట్లో ఎవరేం చెప్పినా ఒకటే జవాబు, "ఊఁ". ఎలక్ట్రీషియన్ మొగుడు పరీక్ష పెడదామని ఒకసారి, "మన మేడ మీదకి ఏనుగు ఎక్కింది" అన్నాడు. "ఊఁ, గొళ్ళెం పెట్టెయ్" అంది. అతను వారం రోజులపాటు ఈ సంగతి వీధి వీధంతా చెప్పుకుని నవ్వాడు.

మొగుడికైతే బయట నలుగురు స్నేహితులున్నారు, నవ్వి ఊరుకుంటాడు. అత్తగారి సంగతి అలా కాదు. బిస్కెట్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు ప్యాకింగ్ చేసి రిటైరైన మనిషి. యాభైమంది ఆడవాళ్ళ మధ్య కబుర్లాడుతూ బతికిన నోరు, ఇప్పుడు పగలంతా ఇంట్లో ఒక్కతే. సాయంత్రం కోడలి చెప్పుల చప్పుడు వినబడితే చాలు, పొద్దుటినుంచీ కూడబెట్టుకున్న మాటలన్నీ పట్టుకుని గుమ్మంలో తయారు. కోడలికేమో అప్పటికే తలలో అరవై వాషింగ్ మెషిన్లు తిరుగుతుంటాయి. అత్తగారు చెప్పడం, కోడలు ఊఁ కొట్టడం. ఆరేళ్ళుగా ఇదే వరస.

ఇలా ఉండగా ఆఫీసుకి శిక్షణ ఇవ్వడానికి ఒకాయన వచ్చాడు. విని విని అలిసిపోయినవాళ్ళకి మనసు కుదుటపడే మార్గం చెబుతానన్నాడు. కళ్ళు మూసుకుని గంటసేపు కూర్చోమంటాడు, హాయిగా కునుకు తీయొచ్చని అందరూ ఆశపడ్డారు. ఆయన అలాంటిదేమీ చెప్పలేదు. "ఇంట్లో రోజుకొక్క గ్లాసు కడగండి. కడిగినంతసేపూ దాన్నే కడగండి. వారం తర్వాత వచ్చి అడుగుతాను" అన్నాడు. పక్క కుర్చీలో ఆవిడ, "నేను రోజుకి ముప్ఫై కడుగుతున్నా. ఈ లెక్కన నాకు మోక్షం ఎప్పుడో రావాలి" అని గొణిగింది.

మొదటి రోజు గ్లాసు చేతిలోకి తీసుకోగానే ఓపికక్క మనసు వెళ్ళి నిన్నటి ఫోన్లలో కూర్చుంది. రెండో రోజు రేపటి ఫోన్లలో. ఈలోపు చేతులు వాటి దారిన అవి గ్లాసు కడిగి బోర్లించేశాయి. మూడో రోజు ఎందుకో కుదిరింది. కుళాయి నీళ్ళు మొదట గోరువెచ్చగా, తర్వాత చల్లగా. తడి అంచు మీద వేలు తిప్పితే కీచుమని సన్నటి చప్పుడు. అడుగున గాజులో ఇరుక్కుపోయిన చిన్న గాలి బుడగ. ఇన్నేళ్ళుగా వాడుతున్న గ్లాసు, బుడగని ఎప్పుడూ చూడనేలేదు. ఆమెకు నవ్వొచ్చింది. తలలో మెషిన్లు ఆగాయి. అప్పుడు వినబడింది, పక్క గదిలో అత్తగారి గొంతు. వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలితో ఫోను. చెల్లెలికి చెవుడు కాబట్టి అత్తగారు ఎప్పుడూ అరిచే మాట్లాడుతుంది. అయినా కోడలి చెవిన పడడం మాత్రం ఇదే మొదటిసారి.

"ఆదివారం వచ్చేస్తున్నానే. ఇక అక్కడే ఉంటా. వాడికింకా చెప్పలేదు. కోడల్ని అడిగాను మొన్న. నేను మీకు అడ్డంగా ఉన్నానా, మా చెల్లెలింటికి వెళ్ళిపోనా అంటే ఊఁ అంది. పాపం, దాని తప్పేం లేదు. మొహమ్మీదే అబద్ధం చెప్పలేకపోయింది."

ఓపికక్క కుళాయి కట్టేసింది. ఎప్పుడడిగింది ఈ మాట? కూరలు తరుగుతున్నప్పుడా, బట్టలు తీస్తున్నప్పుడా? ఎంత గింజుకున్నా గుర్తు రాదే. ఊరివాళ్ళ ఫిర్యాదు ఒక్కటీ తప్పిపోనివ్వని మనిషి, సొంత ఇంట్లో వచ్చిన ఒకే ఒక్క ఫిర్యాదుకు ఊఁ కొట్టి పంపేసింది. సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. పని మీదున్న మొగుడికి ఫోన్ చేసి విషయం చెప్పి, "ఇప్పుడు నేను అత్తయ్యతో ఏమనాలి?" అని అడిగింది.

అతను, "ఏమన్నా అను. ఊఁ మాత్రం అనకు" అన్నాడు.

గదిలోకి వెళ్తే మంచం మీద సగం సర్దిన పెట్టె. పక్కనే తీగ మీంచి తెచ్చిన దుప్పట్ల గుట్ట.

"అత్తయ్యా, మొన్న మీరేదో అడిగితే నేను..."

"ఊఁ" అంది అత్తగారు, తల ఎత్తకుండా రవికె మడతపెడుతూ.

"సరిగా వినలేదు అత్తయ్యా."

"ఊఁ."

ఇన్నాళ్ళకు కోడలికి ఆ శబ్దం అవతలి వైపు నుంచి ఎలా ఉంటుందో తెలిసొచ్చింది. మూసిన తలుపుతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఇక మాటలతో లాభం లేదనుకుని గుట్టలోంచి పెద్ద దుప్పటి లాగింది. అది ఒక్కరి వల్ల మడతపడే దుప్పటి కాదు. కాసేపు ఆమె తంటాలు చూసి అత్తగారే రెండు కొసలూ పట్టుకుంది.

ఇద్దరూ చెరో వైపు నిలబడి లాగి దులిపారు. ఎండ వాసన గుప్పుమంది. కొసలు కలపడానికి ఒకరి వైపు ఒకరు నడిచారు. కోడలు ఆ గుడ్డనే చూస్తోంది, ఆ చేతులనే చూస్తోంది. అత్తగారి కుడి చూపుడు వేలు కొంచెం వంకర. ఇదీ ఇప్పుడే చూడడం.

"ఈ వేలికేమైంది అత్తయ్యా?"

"వందసార్లు చెప్పానుగా. సైకిల్."

"ఇంకోసారి చెప్పండి."

అత్తగారు అనుమానంగా చూసింది, కానీ కథ అడిగితే కాదనగలిగే మనిషి కాదు. "ఫ్యాక్టరీకి నడిస్తే గంట. సైకిల్ నేర్చుకోమని మా అత్త పోరు పెట్టింది. ముప్ఫై ఏళ్ళొచ్చాక ఏం సైకిలని నేను. ఆవిడే సీటు పట్టుకుని వెనకాల పరిగెత్తేది, ఆయాసపడుతూ, నన్ను తిడుతూ."

"తర్వాత?"

అత్తగారు ఆగిపోయింది. తర్వాత ఏమైందని ఈ ఇంట్లో ఎవరూ అడిగి ఎన్నాళ్ళయిందో. "తర్వాత ఒక రోజు వెనక్కి చూస్తే ఆవిడ లేదు. ఎప్పుడో వదిలేసింది. నేనొక్కదాన్నే తొక్కుతున్నా."

"తర్వాత?"

"తర్వాతేముంది. ఆపడం ఆవిడ నేర్పలేదుగా. వెళ్ళి పిండిమర గోడకి గుద్దేశా."

కోడలు పడీపడీ నవ్వింది. అత్తగారికీ నవ్వాగలేదు. దుప్పటి చేతుల్లోంచి జారి కిందపడింది. మళ్ళీ మొదటినుంచి దులపాల్సి వచ్చింది.

"వేలు విరిగింది. మా అత్త తిడుతుందనుకున్నా. ఏడ్చిందే అమ్మాయ్. నీకేమన్నా అయితే ఈ ఇంట్లో నేనెవరితో మాట్లాడాలే, అంది." అనేసి అత్తగారు గబగబా దుప్పటి అంచులు సర్దసాగింది.

"వెళ్ళకండి అత్తయ్యా" అంది కోడలు. "మొన్న మీరడిగింది నా చెవిన పడలేదు. పడుంటే అప్పుడే చెప్పేదాన్ని. మీరు నాకు అడ్డం కాదు. గుమ్మంలో మీరు లేకపోతే నాకు ఇంటికొచ్చినట్టే ఉండదు. అయినా పిన్నిగారికి చెవుడు కదా, అక్కడికెళ్ళి ఎవరితో మాట్లాడతారు?"

"చెవుడైతేనేం" అంది అత్తగారు మెల్లగా. "అది నా మొహం వంక చూస్తూ వింటుంది."

కోడలు చేతిలో దుప్పటి పక్కన పెట్టి, ఆవిడ ఎదురుగా మంచం మీద కూర్చుని, మొహంలోకి చూసింది. నుదుటి మీద ముడతలు, కుడి కన్ను కింద చిన్న పుట్టుమచ్చ, మాట బయటికి రాకముందే కదిలే పెదాలు. అలా చూస్తూనే ఉంది. అత్తగారికి ముందు సిగ్గేసింది, తర్వాత కళ్ళు తడిశాయి.

"చెల్లెలికి నేనే ఫోన్ చేస్తాలే" అంది అత్తగారు. "నువ్వు చెప్తే దానికి వినబడదు."

పెట్టెను మంచం కిందకి తోసి, కోడలి పక్కన చేరి, ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు టోపీ పిండిలో పడిపోయిన రోజు ఏం జరిగిందో చెప్పడం మొదలుపెట్టింది.