ఎడమ చెవిలో గొంతు

దెయ్యాలంటే నాకు ఏనాడూ భయం లేదు. ఉన్నదల్లా చిరాకు. ఏలూరులో టేప్ రికార్డర్లు, రేడియోలు బాగుచేసే షాపు నాది. ఇలాంటి కథలు నా బల్ల మీదికి చాలానే వచ్చాయి. ఒకసారి కొల్లేటికోట నుంచి ఒకాయన టేప్ రికార్డర్ మోసుకొచ్చి, అందులో పోయిన తన తల్లి దగ్గుతోందన్నాడు. విప్పి చూస్తే రబ్బరు చక్రం అరిగిపోయి టేపు పట్టేస్తోంది. ఆ ముక్క ముఖం మీదే చెప్పి పంపించాను.

సీడీలు పోయి ఎంపీత్రీలు వస్తున్న రోజులవి. బరువైన యాంప్లిఫయర్ ఎత్తి హెర్నియా తెచ్చుకున్నాను. ఊళ్లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్. మత్తు డాక్టరుగారు ఒక ఆడమనిషి, నలభై దాటని వయసు. వెన్నులో సూది వేసి, స్పిరిట్ దూది కడుపు మీద రాసి, చల్లగా ఉందా అని అడిగారు. లేదన్నాను. నడుము కింద నా ఒళ్లు నాది కానట్టే ఉంది.

మెలకువగా ఉండే పేషెంట్లకి భయం తగ్గడానికి ఆవిడ పాటలు వినిపిస్తారట. చిన్న సీడీ ప్లేయరుకి హెడ్‌ఫోన్ తగిలించి నా చెవులకి పెట్టారు. వయొలిన్. బాగానే ఉంది. నా ఛాతీ దగ్గర ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. చేతులు రెండూ పక్కకి చాపి పట్టీలు వేశారు.

కాసేపటికి వయొలిన్ అడుగున మాట వినిపించింది. సర్జనుగారి మనుషులేమో అనుకున్నాను. కాదు, ఎడమ చెవిలో మాత్రమే వస్తోంది. మన వైపు యాసలో మగగొంతు, మర్యాదైన మనిషి.

"నొప్పిగా ఉందండీ. కాస్త ఆపండి."

ఏదో రేడియో స్టేషను వైరులోకి వస్తోందనుకున్నాను. అలా రావడం నాకు కొత్త కాదు. కానీ స్టేషనైతే మాట మారుతుంది. ఇతను అదే అడుగుతున్నాడు. అడిగేకొద్దీ గొంతులో మర్యాద తగ్గుతోంది. 'అండీ' పోయింది. తర్వాత 'ఆపండి' కాస్తా 'ఆపు' అయింది.

అప్పుడే నాకు పొత్తికడుపులో సన్నగా మంట మొదలైంది. డాక్టరుగారితో చెప్పాను. ముట్టుకుంటున్నట్టు తెలుస్తుంది, అది నొప్పి కాదు, భయపడకండి అన్నారు. అని పాట సౌండు పెంచారు.

సౌండుతో పాటు ఆ గొంతూ పెరిగింది. ఈసారి నాతోనే మాట్లాడింది.

"నా మాట వినలేదు. నీ మాట ఎందుకు వినాలి?"

అంత పగ నేను ఏ మనిషి గొంతులోనూ వినలేదు. నాకు నొప్పి పుడుతుంటే సంతోషిస్తున్నట్టుంది. ఇంతలో కత్తి కోసినంత స్పష్టంగా నొప్పి తెలిసింది. తల అటూ ఇటూ కొట్టుకుని అరిచాను. హెడ్‌ఫోన్ జారి భుజం మీద పడింది.

సర్జనుగారు చెయ్యి ఆపారు. డాక్టరుగారు మళ్లీ దూది రాశారు. మంచు పెట్టినట్టు చల్లగా తగిలింది. మత్తు నిజంగానే విడిపోతోంది. ఆవిడ ముఖం పాలిపోయింది. వేరే మందు కోసం నర్సుని పంపించారు.

అందులో ఎవరో మాట్లాడుతున్నారండీ అని చెప్పాను. అందులో ఏమీ లేదని నన్ను నమ్మించడానికే కాబోలు, ఆవిడ హెడ్‌ఫోన్ తీసి తన చెవికి ఆనించుకున్నారు. ఆనించుకున్న మనిషి కదల్లేదు. చెయ్యి చాపి ప్లేయరులోంచి వైరు పీకేశారు. పీకేసి కూడా, హెడ్‌ఫోన్ చెవి దగ్గర్నుంచి తియ్యలేదు. అలాగే వింటూ నిలబడ్డారు. ఆ తర్వాత చేతికి సూది పడింది, నేను నిద్రపోయాను.

మర్నాడు వార్డుకి వచ్చినప్పుడు అడిగాను. మందుల వల్ల అలా అనిపిస్తుందని, నా వైపు చూడకుండానే చెప్పారు.

"మందు నాకు వేశారు. మీకు వెయ్యలేదు కదండీ. మీరేం విన్నారు?"

ఆవిడ కేసు షీటు మంచం మీద పడేశారు.

"అది మీతో అన్నది కాదండీ. నాతో అన్నది. ఇంకెప్పుడూ అడక్కండి." చెప్పి వెళ్లిపోయారు. కుట్లు విప్పేదాకా మళ్లీ నా మంచం దగ్గరికి రాలేదు.

మా ఆవిడ దర్గాకి వెళ్దామంది. నేను ఒప్పుకోలేదు. దాని మీద ఇద్దరం చాలా రోజులు మాట్లాడుకోలేదు. కుట్లు మానాక ఆసుపత్రికి వెళ్లి, కాంపౌండరుని బతిమాలి ఆ ప్లేయరూ, హెడ్‌ఫోనూ, సీడీ చూశాను. ప్లేయరులో రేడియో లేదు. సోల్డరింగ్ ఎక్కడా ఊడలేదు. సీడీ మొదట్నుంచి చివరిదాకా విన్నాను, వయొలిన్ తప్ప ఏమీ లేదు. పాటలు పెట్టడం మాత్రం డాక్టరమ్మ మానేశారని కాంపౌండరు చెప్పాడు. నాకంటే ముందు ఆ ఆపరేషన్ బల్ల మీద ఎవరికైనా అలా మధ్యలో మత్తు విడిపోయిందా అంటే, అతను లేచి పని చూసుకున్నాడు.

వైరు పీకేసిన హెడ్‌ఫోన్ పలకదు. అది నా వృత్తి, నాకు తెలుసు. ఆవిడ ఏం విన్నారో నాకు తెలియదు. విన్నారని మాత్రం ఎక్కడైనా చెబుతాను.