రిటర్న్ టికెట్టు బావ

ఆ రోజుల్లో నాకు ఆకలి, నిద్ర, మా బావ మీద కుళ్లు, ఈ మూడూ వేళకి వచ్చేవి. బావంటే మా మేనత్త కొడుకు, నాకంటే కాస్త పెద్ద. ఇద్దరికీ విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒకే ఫ్యాక్టరీ, ఒకే బస్సు. అయినా ఖరగ్‌పూర్‌లో మన తెలుగువాళ్లందరూ సలహా కోసం వాడి దగ్గరికే వెళ్లేవారు (నా దగ్గరికి పానా అరువు కోసం వచ్చేవారు). దీనికంతటికీ కారణం, నిర్ణయాలు ఎలా తీసుకోవాలో నేర్పడానికి కలకత్తా నుంచి మా ఫ్యాక్టరీకి వచ్చిన ఒకాయన. నేను ఆ తరగతుల్లో పెట్టిన భోజనాన్ని మెచ్చుకుంటూ కూర్చుంటే, బావ అందులోంచి ఒక పద్ధతి పట్టుకొచ్చి రైల్వే భాషలోకి దింపేశాడు. రిటర్న్ టికెట్టు ఉన్న నిర్ణయమైతే చటుక్కున బండెక్కెయ్యాలి, నచ్చకపోతే వెనక్కి రావచ్చు. రిటర్న్ లేనిదైతే ప్లాట్‌ఫారం మీద కూర్చుని నిదానంగా ఆలోచించాలి. అంతే. గోల్‌బజార్లో ఒక్క చీర కోసం పూటంతా తిరిగే మా అమ్మ, "మార్చి ఇస్తారా దాదా?" అని ఒక్క మాట అడిగి కొనేసుకుని ఇంటికొచ్చింది.

"ఆడి బుర్ర సూడు. నీకూ ఉంది, జుత్తు పెంచుకోడానికి," అంది నాతో.

ఒళ్లు మండింది. మండినా ఆ పద్ధతిని దొంగచాటుగా వాడుకునేవాణ్ణి. అది చక్కగా పనిచేసేది కూడా, అందుకు మరీ మండేది.

అసలు చిక్కు మా స్టోర్స్‌లో పనిచేసే సుభాష్‌పల్లి తెలుగమ్మాయితో వచ్చింది. ఆ అమ్మాయి నవ్వితే సామాన్ల కోసం రాసిన ఇండెంటు కాగితం ఎందుకు తెచ్చానో మర్చిపోయేవాణ్ణి. నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడగాలి. కానీ పెళ్లంటే రిటర్న్ లేని బండి కదా, పద్ధతి ప్రకారం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను. వానలు వెళ్లాయి, దుర్గాపూజ వెళ్లింది, స్వెట్టర్లు బయటికొచ్చాయి. నేను ఆలోచిస్తూనే ఉన్నాను.

ఒక సాయంత్రం బస్సులో బావ నా పక్కన కూర్చుని, ఆ అమ్మాయిని అడిగేశానని, వాళ్ల నాన్నతో మాట్లాడమందని చెప్పాడు (పాపం, నా సంగతి వాడికి తెలియదు). రిటర్న్ లేని పని అంత తొందరగా ఎలా చేశావు బావా అన్నాను.

"పెళ్లికి లేదురా రిటర్ను. అడగడానికేటి? కాదంతే టీ తాగీసి వచ్చీడమే."

అడగడం, పెళ్లాడడం వేరు వేరు బళ్లని ఆ కలకత్తా ఆయన చెప్పే ఉంటాడు. అప్పుడు నేను రసగుల్లాల దగ్గర ఉండి ఉంటాను.

అన్నిటికన్నా ఘోరం వరస. వాడు అన్నయ్యైనా అయ్యుంటే ఆవిడ వదినయ్యేది, కనీసం వేళాకోళమైనా దక్కేది. బావ పెళ్లాం కాబట్టి అక్క అయి కూర్చుంది. ఇప్పటికీ ఆదివారాలు వాళ్లింటికి వెళ్తుంటాను. "తమ్ముడూ, టీలో పంచదార ఎయ్యమంతావా, మానీమంతావా?" అని అడుగుతుంది. నేను ఆలోచనలో పడతాను. ఆవిడ కాసేపు నా మొహం చూసి, నవ్వి, రెండు చెంచాలు తనే వేసేస్తుంది.