చెప్పి తుమ్మే మాస్టారు

ఆ హైస్కూల్లో సైన్సు మాస్టారికి ఒకటే జబ్బు. ముందుగా చెప్పకుండా ఏ పనీ చెయ్యరు. కిటికీ తెరవాలన్నా, కుర్చీ జరపాలన్నా, ఆఖరికి తుమ్మాలన్నా సరే, లోకానికి చాటింపు వెయ్యాల్సిందే.

కొత్తగా వచ్చిన హెడ్‌మిస్ట్రెస్‌కి ఇది మొదటి మీటింగులోనే తగిలింది. ఆవిడ గంభీరంగా మాట్లాడుతుంటే మాస్టారు లేచి నిలబడ్డారు.

"మేడమ్, ఇప్పుడు తుమ్ముతాను."

"తుమ్మడానికి పర్మిషన్ ఎందుకండీ?"

"పర్మిషన్ కాదు మేడమ్, కబురు."

తీరా చూస్తే తుమ్ము రానే లేదు. టీచర్లంతా మీటింగు అయ్యేదాకా ఆయన ముక్కు వంకే చూస్తూ కూర్చున్నారు. హెడ్‌మిస్ట్రెస్‌కి ఒళ్ళు మండిపోయింది.

"ఇంట్లోనూ ఇదే వరస," అని మాస్టారి భార్య, అదే బళ్ళో లెక్కల టీచరమ్మ, వాపోయింది. "'ఇప్పుడు గ్లాసు కింద పెడతాను' అంటారండీ. ఇంట్లో ఉన్నానో రైల్వే స్టేషన్లో ఉన్నానో తెలీదు!"

హెడ్‌మిస్ట్రెస్‌కి అంతకన్నా పెద్ద తలనొప్పి ఇంకోటుంది. తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి. చదువులో చురుకే, కానీ ఉన్నట్టుండి చప్పుడైతే తట్టుకోలేదు. గంట మోగితే చాలు, క్లాసులోంచి పరుగే. ఒకసారి గేటు దాటి రోడ్డు మీదికే వెళ్ళిపోయింది. ఇలాంటి పిల్లలకి వేరే బడి ఉంది కదా, అక్కడికి పంపేద్దామని చాలామంది టీచర్లు పట్టుబట్టారు. "దాని స్నేహితులంతా ఇక్కడే ఉన్నారు మేడమ్, ఇంకొక్క నెల చూడండి," అని వాళ్ళమ్మ బతిమాలింది. ఆ నెల కాస్తా ఆ రోజుతో అయిపోతోంది.

ఏదో ఒకటి తేల్చే ముందు కళ్ళారా చూద్దామని ఆవిడ చివరి పీరియడ్‌లో ఆ క్లాసుకి వెళ్ళారు. సైన్సు పాఠం నడుస్తోంది.

"పిల్లలూ, హెడ్‌మిస్ట్రెస్ గారు వచ్చేశారు. ఇది నాక్కూడా ముందు తెలీదు, ఏమనుకోకండి."

ఆవిడ పళ్ళు నూరుకుంటూ వెనక బెంచీలో కూర్చున్నారు.

"ఇప్పుడు బీరువా తీస్తాను, కీచుమంటుంది... ఇప్పుడు డస్టర్ దులుపుతాను..." పాఠం ఇలాగే సాగింది. ఆ అమ్మాయి తలెత్తకుండా బొమ్మ గీసుకుంటోంది.

"ఒక్క నిమిషంలో గంట!"

క్లాసు క్లాసంతా చెవులు మూసుకుంది. అల్లరి మూక కూడా బుద్ధిగా మూసుకుంది. అందరిలో ఆ అమ్మాయి ఎవరో పోల్చుకోవడమే కష్టమైపోయింది. గంట ఖంగుమనగానే ఎగిరిపడింది హెడ్‌మిస్ట్రెస్ ఒక్కరే.

"ఎప్పటినుంచండీ ఇది?" అన్నారావిడ గుండె చిక్కబట్టుకుని.

"ఆ అమ్మాయి మన బళ్ళో చేరినప్పటినుంచీ మేడమ్."

"మరి ఇంట్లో ఎందుకు?"

"అసలే మతిమరుపు మనిషిని. ఇంట్లో మానేస్తే ఇక్కడ మర్చిపోతాను."

"ఆ రోజు తుమ్ము?"

"అది నిజంగానే వచ్చింది మేడమ్. మీ మొహం చూసి వెనక్కి పోయింది."

ఆవిడకి నవ్వాగలేదు. సంచీ సర్దుకుంటున్న అమ్మాయి దగ్గరికి వెళ్ళి, "అమ్మాయ్, ఇప్పుడు నేనొక మాట చెబుతాను," అన్నారు.

అమ్మాయి చటుక్కున చెవులు మూసుకుంది.

"గట్టిగా కాదులేమ్మా. ఇకమీద అన్ని క్లాసుల్లోనూ గంట సంగతి ముందే చెబుతాం. నువ్వు ఈ బళ్ళోనే ఉంటావు, ఎక్కడికీ పంపం."

అమ్మాయి చేతులు దించి ఆవిడ వంక ఎగాదిగా చూసింది. "ఆ మాట ముందే చెప్పొచ్చుగా మేడమ్? నెల్లాళ్ళ నుంచీ భయమేస్తోంది, నాకూ మా అమ్మకీ."

"తప్పు నాదేనమ్మా," అంటూ ఆవిడ వాళ్ళమ్మకి ఫోన్ చెయ్యడానికి గబగబా ఆఫీసు గదికి నడిచారు.