హాల్లో ఒక స్పీకరు, వంటింట్లో ఒక స్పీకరు

మా చిన్నప్పుడు... నెల్లితోపు ఇంట్లో ఆదివారం పొద్దున నాయన టేపు పెడితే, పాట రెండు గదుల్లో వినిపించేది.

ఫ్రాన్సుకు వెళ్లిపోతున్న ఒక కుటుంబం అమ్మేసిన చెక్క స్పీకర్ల జత అది. రెంటినీ పక్కపక్కనే పెట్టాలని మాకెవరికి తెలుసు? నాయన ఒకటి హాల్లో పెట్టాడు. రెండోదానికి సన్న వైరు అతుకుల మీద అతుకులు వేసి, కిటికీలోంచి లాగి, వంటింట్లో ఉప్పు జాడీ పక్కన పెట్టాడు. వైరు ఊడిపోకుండా వెనకాల అగ్గిపుల్ల ముక్క దోపేవాడు.

"మీయమ్మకొకటి, మనకొకటి. సరిసమానం!" అని మహా గొప్పగా చెప్పుకునేవాడు కూడా...

అమ్మకు ఒక పడవ పాటంటే ప్రాణం. దోసె పెనం మీద నీళ్లు చల్లుతూ తనూ పాడేది. హాల్లో మేము ఆ పాటలో పిల్లనగ్రోవిని మెచ్చుకుంటే మాత్రం లోపలి నుంచి కసిరేది. "పిల్లనగ్రోవా? యాడుంది? ఏందేందో చెప్తారు మీరు!"

"మీయమ్మ చెవుల్లో పోపుగింజలు పడ్డాయే" అని నాయన నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్లం.

నాయన పోయాక స్పీకర్లు అటకెక్కాయి. ఈమధ్య అమ్మ మోకాళ్లు పూర్తిగా మొరాయించాయి... పొయ్యి దగ్గర నిలబడలేకపోతోంది. వంట నా మీద పడింది. అమ్మ హాల్లో కుర్చీకే అంటుకుపోయింది.

"పొద్దే పోలా పాపా... ఆ పాట పెట్టెలు ఉన్నాయా, అమ్మేసినావా?" అని అడిగింది.

పోయిన ఆదివారం కిందికి దించాను. ఆ బరువుకూ, ఆ దుమ్ముకూ ఒళ్లు హూనమైంది. వెనక రాగి తీగలు చిలుము పట్టి, ముట్టుకుంటే విరిగిపోయాయి. పాత క్లిప్పులు పీకేసి, స్క్రూతో బిగించే కొత్త టెర్మినళ్లు వేశాను. లావుపాటి వైరు... ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి. సోల్డరింగు చేస్తూ వేలు కాల్చుకున్నాను. అమ్మ ఇక వంటింట్లోకి పోదు కదా, అందుకే రెండు స్పీకర్లూ ఆమె కుర్చీ ముందే పెట్టి, ఫోన్లో ఆ పడవ పాట వెతికి, చిన్న ఆంప్లిఫయరు ద్వారా వాటికి తగిలించాను.

అమ్మ ముందుకు వంగి వింది. ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

"ఏందే ఇది... ఈ పిల్లనగ్రోవి ఇన్నాళ్లూ యాడుండింది?"

"హాల్లో ఉండిందిమా" అన్నాను. నాకూ అప్పుడే అర్థమైంది. గొంతూ తబలా రెండు పెట్టెల్లోనూ, పిల్లనగ్రోవి మాత్రం ఒక్క పెట్టెలోనే. ఆ పెట్టె ఎప్పుడూ మా దగ్గరే ఉండేది. మా అమ్మ అన్నేళ్లూ సగం పాటే వింది...

పాట అయిపోయింది. అమ్మ మోకాలు రుద్దుకుంటూ మెల్లగా అంది. "ఇంత బాగుంటాదని తెలిసుంటే... ఒక్క పూట పొయ్యి ఆర్పేసి వచ్చి కూసునుందును గదే."



రోజులు మారాయంటారు. నిన్న ఆఫీసు నుంచి వచ్చి, వంట చేస్తూ ఆ పాటే మళ్లీ విన్నాను... ఒక చెవిలో ఇయర్‌ఫోను. రెండో చెవి కుక్కరు కూతకి. మీ ఇంట్లో సగం పాటే వింటున్నది ఎవరో, ఒకసారి లోపలికి తొంగి చూసి చెప్పండి...